తేటనీళ్ళంటే అసహ్యం

"ముక్కు మూసుకోకు తమ్ముడూ. మూసుకుంటే నోటితో పీలుస్తావు, అప్పుడు కంపు వెళ్ళి నాలుక మీద కూర్చుంటుంది. అది ఇంకా అసహ్యం. ఇటు రా, గాలి నీ వీపుకి కొట్టేలా నిలబడు. ఆఁ, అలా. ఇప్పుడు చూడు మన ఊరి వైభోగం."

అంటూనే ఆవిడ పొడుగుపాటి ఇనుప దంతెను మురుగు కాలవకి అడ్డంగా ఉన్న ఊచల జల్లెడలోకి దించి, అతుక్కుపోయిన ముద్దనొకదాన్ని పైకి లాగింది. జుట్టు, గుడ్డ పీలికలు, పసిపిల్లల ఒళ్ళు తుడిచి పారేసిన తడి కాగితాలు, వాటన్నిటినీ కలిపి పట్టుకున్న గడ్డకట్టిన వంటనూనె. ముద్ద బూడిదరంగులో చచ్చిన ఎలుకలా వేలాడింది. దాని కొస నుంచి జిడ్డు సాగి, తెగకుండా కాసేపు ఊగింది. ఆవిడ మొహం చిట్లింది. ముద్దను తోపుడు బండిలోకి విదిలించి, దంతెను గోడకి ఆనించి, పక్కకి తిరిగి థూ అని ఉమ్మింది.

ఆ ఉమ్ము చూసే నాకు ఆశ్చర్యం వేసింది. ఊరి మురుగునీళ్ళు శుభ్రం చేసే ఈ ప్లాంటులో ఆవిడ చేరి చాలా ఏళ్ళయింది. ఈపాటికి ముక్కు చచ్చిపోయి ఉంటుందనుకున్నాను. ఇంకా అలవాటు కాలేదా అక్కా అని అడిగితే, అలవాటైపోయినవాళ్ళు ఈ పనికి పనికిరారంది. అసహ్యం పోయిన రోజున ఏ నీళ్ళు ఏమిటో తెలియకుండా పోతుందట. వంటవాడికి నాలుక ఎలాగో తనకి అసహ్యం అలాగట.

ప్లాంటులో అందరూ ఆవిడని నురగక్క అంటారు. నీళ్ళ మీద తేలే నురగను చూసి లోపలేం జరుగుతోందో చెప్పేస్తుందని ఆ పేరు. తెల్లగా చిన్న బుడగలతో ఉంటే ఒక మాట, గోధుమరంగులో మందంగా, మీగడలా తొరక కడితే ఇంకో మాట. ఆ విద్య ఆవిడ ఇంటిదాకా వెంటపడింది. టీ మీద నురగ కనిపిస్తే చెంచాతో తీసి పారేసి గానీ తాగదు. పాలు పొంగుతుంటే వంటింట్లోంచి బయటికి వచ్చేస్తుంది. పనికి వేసుకునే చెప్పులు ప్లాంటు గేటు దాటి ఎన్నడూ రాలేదు. మధ్యాహ్నం అన్నం గేటు దగ్గరే, తొట్ల వైపు వీపు పెట్టి తింటుంది. మెత్తగా జారేదేదీ క్యారేజీలో పెట్టుకోదు. తోటి పనివాళ్ళు ఏడిపిస్తూనే ఉంటారు: నురగక్క పెళ్ళిలో కూడా కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చుందట అని.

నేను ఆ రోజు వెళ్ళింది ఒకే ఒక్క సంగతి అడగడానికి. ప్లాంటుకి ఆనుకునే ఉంటుంది మా వీధి. ఏళ్ళ తరబడి కుళ్ళిన గుడ్ల కంపు, గాలి వీస్తే ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద వాలే నురగ. ఇటీవల అవి రెండూ ఆగిపోయాయి. వీధంతా హాయిగా ఊపిరి పీల్చుకుంటోంది. ఏవో యంత్రాలు ఆపారని తెలుసు గానీ, ఆ కంపంతా ఎక్కడికి పోయిందా అని నాకు కుతూహలం పుట్టింది. ఆ మాటే అడిగితే, "పోయిందా? పద, ఎక్కడికి పోయిందో చూపిస్తా" అని బయల్దేరదీసింది.

నడుస్తూ నడుస్తూ మెడలోని రుమాలును ముక్కు మీదికి లాక్కుంది. ముదురు నీలం రుమాలు. అంచులు పీలికలైపోయాయి, మధ్యలో నేత పలచబడి వెలుతురు కనిపిస్తోంది, రంగు మాత్రం నిన్న అద్దినట్టుంది. అది వాళ్ళ అన్నయ్య అద్దిన రంగు.

వాళ్ళ అన్నయ్యని నేను రోజూ చూస్తాను. మా వీధిలోనే ఉంటాడు. బట్టలకి రంగులు వేసే మిల్లులో పెద్ద మేస్త్రీ. అందరికీ రంగుల మాస్టరు. మోచేతుల దాకా చేతులకి ఏ వారం ఏ రంగుంటే మిల్లులో ఆ రంగు నడుస్తున్నట్టు లెక్క. వీధిలో ఆయన మాటకి ఎదురు లేదు. పంపు దగ్గర తగువైనా, ప్రహరీ గోడ తగువైనా ఆయన అరుగు మీదే తేలాలి.

తండ్రి పోయిన తర్వాత తల్లినీ చెల్లెలినీ సాకింది ఆయనే. చిన్న వయసులో మిల్లులో బకెట్లు మోసే పనికి చేరాడు. మొదటిసారి తన చేత్తో రంగు కలపనిచ్చిన రోజున, తొట్టి అడుగున మిగిలిన నీలంలో ఈ రుమాలు ముంచి తెచ్చి చెల్లెలికిచ్చాడు. నువ్వు ముసలిదానివైనా ఇది వెలవదు చూడు అన్నాడట. ఆ మాట నిజమైంది. ఎండ, చెమట, సబ్బు, బట్టల సోడా దేనికీ ఆ నీలం లొంగలేదు. నురగక్క రుమాలును వేళ్ళతో నలిపి చూపిస్తూ అంది: "ఇది చూసి ఎంత మురిసిపోయానో చిన్నప్పుడు. ఇప్పుడిదే నా పీడ. ఆయన విడకుండా ముడి వేస్తాడు, నేను విప్పాలి. అన్నాచెల్లెళ్ళం భలే పని పంచుకున్నాం."

మిల్లులో గుడ్డ పట్టుకోగా మిగిలిన రంగునీళ్ళు ఈ ప్లాంటుకే వస్తాయి. ఊరి మురుగుతో కలిసి ముందుగా పైకప్పున్న ఒక మూసిన తొట్టిలోకి వెళ్తాయి. అందులోకి గాలి పోదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు ఆ చీకట్లో ఉంటాయి. తర్వాత పక్కనున్న తెరిచిన తొట్టిలోకి. దాని అడుగు నుంచి యంత్రాలు గాలి ఊదుతాయి. అక్కడివి గాలి పీల్చే జీవులు. ఆవిడ అన్నిటినీ కలిపి పురుగులంటుంది. వాటి మీద ఆవిడకి ప్రేమా లేదు, కోపమూ లేదు. వాటికి ఏది పెడితే తింటాయి, ఏది పెడితే మూతి ముడుచుకుంటాయి అన్నదే ఆవిడ ఉద్యోగం.

ఈ తిండి సంగతి ఆవిడకి నేర్పింది ప్లాంటు ల్యాబులో పనిచేసే కెమిస్టమ్మ. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో, వాసనకి తలుపు దగ్గరే వాంతి చేసుకుందట. నురగక్క నీళ్ళిచ్చి, వీపు రాసి, గాలి ఎటు వీస్తే ఎటు నిలబడాలో చెప్పింది. అప్పటి నుంచి ఇద్దరికీ కుదిరింది. ఒకరు ముక్కు విద్య చెబితే ఇంకొకరు అణువుల విద్య చెప్పారు.

మొదటి పాఠం సబ్బు నురగ మీద. ఒకప్పుడు తెరిచిన తొట్టి మీద నురగ కటకటాల ఎత్తున లేచేదట. ఎంత గాలి ఊదినా, ఎన్ని నీళ్ళు కొట్టినా చావదు. చేత్తో తీసి పారబోస్తే బండిలోంచి మళ్ళీ లేచి కూర్చునేది. తర్వాత దానంతటదే తగ్గింది. ఎందుకని అడిగితే కెమిస్టమ్మ తన స్వెట్టరు అంచులో ఊడిన పోగొకటి పట్టుకుని లాగింది. కొస దొరికితే అల్లికంతా ఊడొస్తుంది కదా, సబ్బు పొడిలోని కార్బన్ గొలుసు తిన్నగా ఉంటే పురుగులు అలాగే కొస పట్టుకుని నములుకుంటూ పోతాయంది. పాత సబ్బుపొడుల్లో ఆ గొలుసుకి అడుగడుక్కీ కొమ్మలుండేవి. ముళ్ళకంపను కొరికినట్టే, పళ్ళు ఆనే చోటు ఉండదు. వస్తువదే, పనదే, ఆకారం మారితే ఒకటి తిండి, ఒకటి చెత్త. వానకి తడవని కోట్లకి పూసేదాని సంగతేమిటని నేనడిగాను. "దాని ఊసెత్తకు. కార్బన్ కార్బన్‌కీ ఫ్లోరిన్ కాపలా. ఏ పురుగూ దగ్గరికి పోదు. వచ్చింది వచ్చినట్టు నా ముందు నుంచి కాలవలోకి పోతుంది, పెళ్ళికొడుకులా" అంది.

రెండో పాఠం గాజులతో. నురగక్క జేబులోంచి ఒక చిన్న గుడ్డమూట తీసి విప్పింది. రెండు గాజులు, వాటిని కలుపుతూ ఎర్రదారంతో రెండు పేటల ముడి. కెమిస్టమ్మ కట్టి ఇచ్చిందట. మాస్టరు వాడే రంగుల్లో చాలావాటి ఎముకల గూడు ఇదే అని ఆవిడ నాకు చూపించింది. అటో వలయం, ఇటో వలయం, మధ్యలో రెండు నైట్రోజన్లు జంట ముడిగా. రంగంతా ఆ ముడి వల్లే. ముడి ఉన్నంతసేపే రెండు వలయాలూ ఒక్కటై వెలుతురుని పట్టుకుని నీలమో ఎరుపో అవుతాయి.

"ఇప్పుడు చూడు" అని ఆవిడ దారాన్ని మధ్యలో పట్టుకుని, తెంపినట్టు వేళ్ళతో చూపించింది. గాలి లేని తొట్టిలో పురుగులు చేసేది అంతే. ముడిని తెంపుతాయి. రంగు ఎగిరిపోతుంది. సిరాలా వెళ్ళిన నీళ్ళు వానచుక్కలా బయటికొస్తాయి. కానీ గాజులు? అవి గాజుల్లాగే ఉంటాయి. గాజుకి కొస ఉండదు, పట్టుకుని లాగడానికి. ఎక్కడో ఒకచోట దాంట్లోకి ఆక్సిజన్ దూరాలి. అప్పుడే నెర్రె పడి, తెరుచుకుని, పురుగులకి కొస దొరుకుతుంది. దానికి గాలి కావాలి, గాలి పీల్చే పురుగులు కావాలి. అందుకే రెండో తొట్టి.

నేను గాజులను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. ఇంత సులువుగా ఉంటే ఇంక గొడవేమిటన్నాను. ఆవిడ నన్ను మలుపు తిప్పి తెరిచిన తొట్టి ముందు నిలబెట్టింది.

తొట్టి ఊరికే ఉంది. బుడగ లేదు, నురగ లేదు. నీళ్ళు అద్దంలా నిలబడి, అవతలి చివర గట్టు మీదుగా మెల్లగా జారి కాలవలోకి పోతున్నాయి. అడుగున నల్లటి బురద చచ్చి పడి ఉంది. గాలి యంత్రాల గదికి తాళం వేసి ఉంది. ఇంత శాంతంగా ఉన్న చోటును చూసి ఎవరైనా ముచ్చట పడతారు. ఆవిడ మాత్రం జల్లెడ దగ్గర ఆ ముద్దను చూసినదానికన్నా హీనంగా మొహం పెట్టింది.

"ఆ ముద్ద నయం. నేను కంపు అని చెప్పుకుని మరీ వస్తుంది. ఇది చూడు, పైన పటారం లోన లొటారం. అందరూ దీన్ని చూసి చప్పట్లు కొట్టారు" అంది.

చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. కంపు భరించలేక మా వీధివాళ్ళందరం గేటు దగ్గరికి వచ్చాం. ముందు నిలబడింది రంగుల మాస్టరు. మేనేజరు గేటు తీసి లోపలికి రమ్మన్నాడు. మూసిన తొట్టి నుంచి బయటికొచ్చే నీళ్ళు ఒక గాజు గ్లాసులో పట్టించి చూపించాడు. మాస్టరు ఆ గ్లాసు అందుకుని, ఎండకెత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు. మిల్లులో రంగు దిగిందా లేదా అని చూసే చూపు అది. వెయ్యి నీలాలను విడదీసి చెప్పగల కన్నది. కాసేపు అలాగే చూసి, గ్లాసును అందరికీ కనిపించేలా తిప్పాడు.

"నా రంగు నాకు తెలుసు. ఇందులో చుక్క లేదు. ఇంత తేటగా అయిపోయాక ఇంకా గాలి ఊదడమెందుకు? కంపంతా ఆ ఊదుడు వల్లే గదా."

మేమంతా ఔనౌనన్నాం. ఆయన మాటలో తప్పు పట్టే అవకాశం మాలో ఎవరికీ కనిపించలేదు. రంగులవాడు రంగు లేదంటే లేనట్టే కదా. మేనేజరుకి ఊపిరి ఆడింది, గాలి యంత్రాలు ఆపించేస్తానన్నాడు. కెమిస్టమ్మ అడ్డం పడింది. రంగు పోవడం వేరు, రంగులోని రసాయనం విరగడం వేరు అని చెప్పబోయింది గానీ, అప్పటికే వీధంతా చప్పట్లు కొడుతోంది. నురగక్క దంతె పట్టుకుని వెనక నిలబడి ఉంది. అన్నయ్య తనవైపు తిరిగి, ఇక నీకూ పని తేలికయింది పో అన్నట్టు నవ్వాడట.

యంత్రాలు ఆగిన రోజు చెవుల్లో హోరు పోయి, ఆవిడకి కళ్ళు తిరిగినంత పనైంది. ఆ తర్వాత అసహ్యం మొదలైంది. నీళ్ళలో కనబడేది లేదు, ముక్కుకి తగిలేది లేదు. అయినా గట్టు దగ్గరికి వెళితే ఒళ్ళు జలదరించేదట. తన ముక్కు మీద తనకే అనుమానం వచ్చి, ఒక సీసాలో ఆ నీళ్ళు పట్టి వంటింటి కిటికీలో మూత తీసి పెట్టింది. ఒకటి రెండు రోజుల్లో అంచుల్లో పసుపు కమ్మింది. ఆ వారం గడిచేసరికి సీసా నిండా డికాక్షన్. కెమిస్టమ్మకి చూపిస్తే ఆశ్చర్యపోలేదు. ముడి తెగిన ముక్కలకి ఊరికే గాలి తగిలితే ఇలాగే ఒకదాన్నొకటి పట్టుకుని గోధుమరంగుకి తిరుగుతాయంది. పురుగులతో పాటు గాలి ఉంటే విరుగుతాయి, పురుగులు లేని చోట గాలి తగిలితే అతుక్కుంటాయి. అవన్నీ విషమేనా అని నురగక్క అడిగింది. అన్నీ కాదు, కొన్ని మాత్రం ఒంటికి మంచివి కావు, ఏవి ఎంతున్నాయో పరీక్షకి పంపాను అని ఆ అమ్మాయి చెప్పింది. ఆ జవాబు ఇంకా రాలేదు.

నేను కాలవ వైపు చూశాను. అది ఇక్కడి నుంచి తిన్నగా మా ఇళ్ళ వెనక్కే పోతుంది. రంగుల మాస్టరు భార్య పెరట్లో చిన్న మడి వేసి, ఆ కాలవలో బకెట్టు ముంచి పోస్తుంది. కంపు పోయిన తర్వాత మరీ ధారాళంగా పోస్తోంది. ఆకుకూర ఏపుగా వచ్చింది. వారానికోసారి మా ఇంటికీ ఒక గిన్నె పంపుతుంది. మొన్ననే నేను గిన్నె అడుగు నాకినంత పని చేశాను. అది తలుచుకోగానే నోట్లో నీళ్ళూరాయి, తిండికి ఊరేవి కావు, డోకుకి ముందు ఊరేవి. నురగక్క నా మొహం చూసి అర్థం చేసుకుంది. "తిన్నావా? ఊఁ. మా అన్నయ్య రెండు పూటలా తింటున్నాడు" అంది.

అసలు గొడవ అక్కడే జరిగింది. ఒక సెలవు రోజున అన్నయ్య ఇంటికి భోజనానికి వెళ్ళింది. వదిన ఆకుకూర వడ్డించింది, నీ కోసమే లేతది కోశానమ్మా అంటూ. ఆవిడకి కూర కనిపించలేదు, గట్టు మీదుగా జారే నీళ్ళు కనిపించాయి. ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి దించేసింది. మొహం తనకి తెలియకుండానే చిట్లిపోయింది. పక్కన తల్లి, ఎదురుగా అన్న, గరిటెతో వదిన. అందరూ చూశారు. వదిన గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నురగక్క వాళ్ళకి తొట్టి సంగతంతా చెప్పింది. గాజులు తీసి చూపించింది. అన్నయ్య పగలబడి నవ్వాడట, రంగు సంగతి నాకే నేర్పుతావా అని. మర్నాడు గోధుమరంగుకి తిరిగిన సీసా పట్టుకెళ్ళింది. దాన్ని ఆయన ఎండకెత్తి కూడా చూడలేదు.

"టీనీళ్ళు పోసుకొచ్చి నాకు చూపిస్తావా? తిండి చూసి మొహం చిట్లించేవాళ్ళు నా గడప తొక్కొద్దు."

అప్పటి నుంచి ఆవిడ ఆ గడప తొక్కలేదు. తల్లి ఉండేది అన్నయ్య దగ్గరే కాబట్టి తల్లిని చూడటమూ పోయింది. ఆవిడకి ఇద్దరి మీదా అసహ్యమే. అన్నయ్య పొగరు మీద, తన మొహం మీద. తొట్టి దగ్గర దాచుకోవాల్సిన అవసరం లేని మొహం, పళ్ళెం దగ్గర దాచుకోవడం చేతకాలేదు. మేనేజరుతో వాదించి చూసింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. తొట్టి మీద కప్పు వేయించి, కంపు బయటికి పోకుండా గాలి యంత్రాలు నడిపిద్దామన్నాడు. కాకపోతే కప్పు వచ్చేదాకా ఆ కంపును వీధి ఓర్చుకోవాలి. వీధి ఒప్పుకుంటే తాళం ఈ రోజే తీయిస్తానన్నాడు. వీధి ఒప్పుకోవాలంటే రంగుల మాస్టరు ఒప్పుకోవాలి. ముందు నుయ్యి వెనక గొయ్యి.

ఆయనకి ఎవరు చెప్పినా వినడని నేనన్నాను. చెబితే వినడు, చూస్తే వింటాడు అని ఆవిడ జవాబు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నమ్మింది తన కళ్ళనే. ఆ కళ్ళే ఇక్కడ మోసపోయాయి. కాబట్టి ఆ కళ్ళే తేల్చాలి. తను తీసుకెళ్ళిన సీసా అప్పటికే రంగు తిరిగిపోయింది, అదీ తప్పయింది. ఆయన ముందు, ఆయన కిటికీలో, ఆయన చూస్తుండగా తిరగాలి.

అప్పుడు తెలిసింది నన్నెందుకు ఇంత ఓపికగా తిప్పుతోందో.

ఆవిడ చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, కడిగిన గాజుసీసాతో గట్టు అంచున గొంతుక్కూర్చుంది. సీసా నింపుతున్నప్పుడు నీళ్ళు మణికట్టు మీద చిందాయి. ఒక్కసారి కళ్ళు గట్టిగా మూసుకుని, చేయి దూరంగా చాపి విదిలించింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని తనని తానే తిట్టుకుంది. మూత బిగించి, బయట తుడిచి, ఎండకెత్తి పట్టుకుంది. ఎత్తిన తీరు, ఒక కన్ను మూసిన తీరు అచ్చం అన్నయ్యే. సీసాలో అవతలి గోడ ఇటుకలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేలా కనిపించాయి. ఏ ఇంట్లో బల్ల మీద పెట్టినా మంచినీళ్ళనే అనుకుంటారు.

"తేటగా ఉందని దారిలో ఎవరికీ దాహానికిచ్చేవు" అంది. నవ్వలేదు.

నేను సీసా అందుకున్నాను. గుడ్డలో చుట్టి ఇచ్చినా, పట్టుకున్న చెయ్యి నాది కానట్టే అనిపించింది. ఆయన ముందు ఏం చెప్పాలని అడిగాను. ఏమీ చెప్పొద్దంది. ప్లాంటు నుంచి వచ్చే నీళ్ళు చూడాలనిపించి తెచ్చుకున్నాను, మీ కిటికీకి మంచి ఎండ తగులుతుంది, నాలుగు రోజులు ఉంచనివ్వండి అంటే చాలంది. నా పిచ్చి కుతూహలం వీధంతటికీ తెలిసిందే కాబట్టి అనుమానం రాదట. పక్కన రెండో సీసా కూడా పెట్టాలి. అది ఆయన ఇంటి కుళాయి నీళ్ళతో, ఆయన చేత్తోనే నింపించాలి. రెండిటికీ మూత తీసే ఉంచాలి. దుమ్ము పడిందనో, ఎండ కొట్టిందనో ఆయన అంటే, పక్క సీసాకీ అదే దుమ్ము, అదే ఎండ. ఆ రెండో సీసా ఉపాయం కెమిస్టమ్మది.

"రోజూ పొద్దున్నే ఆయన లేవగానే కిటికీ దగ్గరికే వస్తాడు, మిల్లుకి వెళ్ళే ముందు వెలుతురు చూసుకోవడం ఆయన అలవాటు. చూడకుండా ఉండలేడు. పసుపు మొదలవగానే ఆయనకి తెలిసిపోతుంది, నీకూ నాకూ కనబడే ముందే. అప్పుడు ఆయనే అడుగుతాడు. అడిగేదాకా నోరు మెదపకు. నా పేరెత్తకు."

రంగు తిరిగాక కూడా ఒప్పుకోకపోతే అని నా నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసి, లోపలి వైపు బయటికి తిప్పి, చెత్తడబ్బాలో వేసింది. తర్వాత చాలాసేపు సబ్బు రుద్దుకుంది, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు. సబ్బు నురగ కాలవలోకి పోతుంటే దాన్ని కూడా అసహ్యంగానే చూసింది. ఒప్పుకుంటాడంది. రంగు విషయంలో అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదట. నాన్న పోయి ఇల్లు గడవని రోజుల్లో కూడా, మిల్లు మేస్త్రీ సరుకు బాగుందని చెప్పమంటే, గుడ్డ మీద రంగు చార దిగిందని చెప్పి పని పోగొట్టుకోబోయిన మనిషట.

గేటు దాకా నాతో వచ్చింది. అక్కడ చెప్పులు మార్చుకోలేదు కాబట్టి గీత దాటకుండా లోపలే ఆగిపోయింది. రుమాలు ముక్కు మీది నుంచి కిందికి లాగి, మళ్ళీ పిలిచింది.

"తమ్ముడూ, ఇంకొక్కటి. సీసాలు ఆయన కోసం. అవి తిరిగేదాకా ఆగలేం. ఈ పూటే వదినని పెరట్లోకి పిలిచి నువ్వు చెప్పు, మడికి కాలవ నీళ్ళు పోయొద్దని, ఆ కూర అమ్మకి పెట్టొద్దని. నా పేరు ఆవిడ దగ్గర చెప్పొచ్చు. నేను మొహం చిట్లించింది నీళ్ళని చూసి, ఆవిడ చేతిని చూసి కాదని, అది కూడా చెప్పు."